అర శ్రుతి పెంచిన వయోలా

(వయోలా వాయించి చూపిస్తూ చేసిన ప్రసంగానికి అక్షరరూపం)

అందరికీ నమస్కారం.

మాటలకి ముందు ఒక తీగ వినండి.

(వేలు పెట్టకుండా పైనుంచి రెండో తీగ వాయించారు.)

ఇది డి. మన లెక్కలో రెండు శ్రుతి. ఇప్పుడు బిరడ కాస్త తిప్పుతాను. ఒక్క నిమిషం.

(తీగ బిగించి మళ్లీ వాయించారు.)

ఇది రెండున్నర. పాశ్చాత్య సంగీతం భాషలో ఈ (E) ఫ్లాట్. అదే తీగ, అదే చెక్క, అదే కమాను. కానీ గొంతు మారిపోయింది చూశారా? ఇందాక మామూలుగా మాట్లాడుతున్న మనిషి ఒక్కసారి లేచి నిలబడి మాట్లాడినట్టు ఉంది. ఈ సాయంత్రం నేను చెప్పబోయేదంతా ఈ అర శ్రుతి గురించే. 1779లో సొంతూరు సాల్జ్‌బర్గ్‌లో కూర్చుని 23 ఏళ్ల స్వరకర్త మొజార్ట్ ఈ పని చేయమన్నాడు. ఆర్కెస్ట్రా ముందు నిలబడి వాయించే వయోలిన్‌కీ వయోలాకీ కలిపి రాసిన 'సింఫోనియా కాన్సెర్టాంటె'లో. మొజార్ట్ రచనల పట్టికలో దాని సంఖ్య 364. అందులో మూడు మూవ్‌మెంట్లు, అంటే భాగాలు. నేను రెండోదాని దగ్గరే ఆగుతాను. పైన రాసి ఉన్న మాట ఆందాంతె. కీ, అంటే రచన నిలబడే ఆధార స్వరం, దాని స్వరాల వరస, సి మైనర్. మూడు దెబ్బల లెక్క.

ఈ మూవ్‌మెంట్ గురించి టెంపో (వేగం), కీ, మూడ్ (భావం) అని మూడు విడివిడి శీర్షికలు పెట్టి చెప్పమని నన్ను అడిగారు. ప్రయత్నించాను, కుదరలేదు. వయోలా చేతిలో ఉన్నప్పుడు ఆ మూడూ విడిగా ఉండవు. ఎందుకో చెబుతాను. ముందు ఈ వాద్యం ఒంటితీరు గురించి కొంచెం చెప్పాలి.

చూడ్డానికి పెద్ద వయోలిన్ లాగా ఉంటుంది. శ్రుతి వయోలిన్ కన్నా ఒక పంచమం కింద. కింది నుంచి చెప్పాలంటే సి, జి, డి, ఎ. పంచమం కిందికి దిగిందంటే శబ్ద తరంగం ఒకటిన్నర రెట్లు పొడవవుతుంది. న్యాయంగా ఒళ్లు కూడా ఒకటిన్నర రెట్లు పెరగాలి. వయోలిన్ ఒళ్లు సుమారు 35 సెంటీమీటర్ల పైన. ఆ లెక్కన వయోలా 53 సెంటీమీటర్లు ఉండాలి. అంత పొడవున్నదాన్ని భుజం మీద పెట్టుకుని వాయించలేం, చెయ్యి అందదు. అందుకే 40, 42 దగ్గర ఆపేశారు. అంటే ఈ వాద్యానికి ఉన్న గొంతుకి తగినంత ఛాతీ లేదు. కింది తీగలు మీటితే మూల స్వరం కన్నా దాని పైన పలికే పై స్వరాలే ఎక్కువ వినిపిస్తాయి. ఆ కొంచెం బొంగురు, కొంచెం ముక్కుతో మాట్లాడినట్టుండే ధ్వని అక్కడి నుంచే వచ్చింది. తయారీలో రాజీపడ్డారు, నిజమే. కానీ ఈ గొంతులో నాకు వినిపించే దగ్గరతనం ఇంకే తీగ వాద్యంలోనూ వినిపించదు. ఇది నా ఇష్టం, దాచుకోను.

ఈ గొంతు వల్లే చాలాకాలం దీన్ని వెనక కుర్చీలో కూర్చోబెట్టారు. క్వాంట్జ్ అనే ఫ్లూట్ విద్వాంసుడు 1752లో అచ్చయిన తన గ్రంథంలో ఈ సంగతి బాధగానే రాశాడు. వయోలాని పెద్దగా లెక్కచేయరనీ, కొత్తగా నేర్చుకునేవాళ్లకో, వయోలిన్ మీద ప్రతిభ లేనివాళ్లకో దాన్ని అప్పగిస్తారనీ. ఆ పద్ధతి తప్పని కూడా ఆయనే అన్నాడు.

ఇప్పుడు ఈ వాద్యానికి బాగా నప్పే కీ, డి మేజర్ సంగతి. డిని షడ్జం చేసుకుంటే మన శంకరాభరణం లాంటి వరస అది. ఆ కాలం వయోలా కాన్సెర్టోల్లో, అంటే ఆర్కెస్ట్రాతో కలిసి ఒక సోలో వాద్యం వాయించే రచనల్లో, ఇప్పటికీ అందరూ వాయించేవి రెండు. ఒకటి కార్ల్ స్టామిట్జ్‌ది, 1774 ప్రాంతంలో పారిస్‌లో అచ్చయింది. రెండోది హాఫ్‌మైస్టర్‌ది. ఈనాటికీ యూరప్ ఆర్కెస్ట్రాల్లో వయోలా ఉద్యోగానికి ఆడిషన్ అంటే చాలా చోట్ల ఈ రెంటిలో ఏదో ఒకదాని మొదటి మూవ్‌మెంట్ వాయించాల్సిందే. ఎంత టెన్షన్‌తో వాయిస్తారో అది వాయించినవాళ్లకే తెలుసు. రెండూ డి మేజర్‌లోనే ఉన్నాయి. యాదృచ్ఛికం కాదు. డి షడ్జం అనుకోండి. ఎ తీగ పంచమం, జి తీగ మధ్యమం. మూడు మూలస్తంభాలూ వేలు పెట్టకుండానే పలుకుతున్నాయి. వేలు పెట్టి వాయించినా సరే, పక్కన ఖాళీగా ఉన్న తీగ తనంతట తాను వంత పాడుతుంది.

(డి మేజర్ ఆరోహణ వాయించారు.)

విన్నారుగా, స్వరం ఆగిపోయాక కూడా చెక్క పలుకుతూనే ఉంది. స్టామిట్జ్ స్వయంగా వయోలా వాయించేవాడు. ఏ స్వరం దగ్గర ఈ వాద్యం ఊపిరి పీల్చుకుంటుందో చేతికి తెలిసినవాడు. రెండో మూవ్‌మెంట్‌కి కూడా ఆ షడ్జాన్ని వదల్లేదు, డి మైనర్‌లో రాశాడు. అదే ఇల్లు, దీపం వత్తి తగ్గించినట్టు.

ఇంకొక్క మాట చెప్పి మొజార్ట్ దగ్గరికి వెళ్తాను. స్టామిట్జ్ పుట్టి పెరిగింది జర్మనీలోని మాన్‌హైమ్‌లో. అక్కడి ఆస్థాన ఆర్కెస్ట్రాని తీర్చిదిద్దింది అతని తండ్రి యోహాన్. మంద్రంగా మొదలై వరదలాగా పెరిగే వాళ్ల క్రెషెండో యూరప్ అంతా చెప్పుకున్నారు. మొజార్ట్ 1777 అక్టోబర్ చివర్లో ఆ ఊరు చేరి, మరుసటి మార్చి దాకా ఉన్నాడు. విన్నాడు, నేర్చుకున్నాడు. అక్కడి నుంచి పారిస్ వెళ్లాడు. స్టామిట్జ్ అన్నదమ్ముల గురించి పారిస్ నుంచి తండ్రికి రాసిన ఉత్తరంలో కటువుగా మాట్లాడాడు. మనిషి మీద ఎంత విసుగున్నా విద్య మీద విసుగు పడలేదు. మరుసటి ఏడాది రాసిన ఈ కృతిలో మాన్‌హైమ్ వాళ్ల వరద ఉంది. ఆర్కెస్ట్రా వయోలాల్ని రెండు భాగాలుగా విడదీసి మధ్య స్థాయిని నింపడం కూడా ఉంది. స్టామిట్జ్ కూడా తన కాన్సెర్టోలో అలాగే విడదీశాడు.

ఇక అర శ్రుతి. మొజార్ట్‌కి ఒక చిక్కు ఉంది. ఒకే వేదిక మీద వయోలిన్, వయోలా సమానంగా నిలబడాలి. వయోలిన్ గొంతు సహజంగానే దూసుకుపోతుంది. ఏం చేశాడంటే, కృతి మొత్తాన్ని ఈ ఫ్లాట్ మేజర్‌లో పెట్టాడు. వయోలా వాయించేవాడి కాగితం మాత్రం డి మేజర్‌లో రాశాడు. తీగలన్నీ అర శ్రుతి పైకి బిగించుకో, డి అనుకునే వాయించు, వినేవాళ్లకి ఈ ఫ్లాట్ వినిపిస్తుంది అన్నాడు.

పాశ్చాత్య సంగీతం చదువుకున్నవాళ్లకి ఇది చాలా వింత. దీనికో ఇటాలియన్ పేరు పెట్టి ప్రత్యేక అధ్యాయంలో చెబుతారు. మన కర్ణాటక వయోలిన్ విద్వాంసులకి చెప్పి చూడండి, ఇందులో వింతేముంది అంటారు. నేను చిన్నప్పుడు వయోలిన్ నేర్చుకున్నది మన పద్ధతిలోనే. పాడే ఆవిడ ఐదు శ్రుతి అయితే ఐదుకి, ఆయన ఒకటిన్నర అయితే ఒకటిన్నరకి బిరడలు తిప్పుకుంటాం. స, ప, స, ప. వేళ్లు మాత్రం ఎప్పుడూ పడే చోటే పడతాయి. శ్రుతి మారుతుంది, చెయ్యి మారదు. మొజార్ట్ వయోలాతో చేయించింది అదే. బాలమురళీకృష్ణ గారు వయోలా కూడా వాయించేవారని మీలో చాలామందికి తెలుసు. ఈ వాద్యం మనకి అంత పరాయిదేమీ కాదు.

అయితే తేడా ఒకటుంది. మనం శ్రుతి మార్చేది పాడేవాళ్ల గొంతు కోసం. మొజార్ట్ మార్చింది ధ్వని కోసం. అర శ్రుతి పైకి వెళ్లాలంటే తీగ బిగువు సుమారు 12 శాతం పెరగాలి. బిగువు పెరిగితే గొంతు తేటపడుతుంది, దూరానికి వినిపిస్తుంది. పైగా ఈ ఫ్లాట్, బి ఫ్లాట్, ఎ ఫ్లాట్ మూడూ ఇప్పుడు వయోలాకి ఖాళీ తీగలు. ఇటు వయోలిన్‌కి ఈ ఫ్లాట్ మేజర్‌లో షడ్జం, పంచమం, మధ్యమం ఒక్కటి కూడా ఖాళీ తీగ మీద దొరకదు. అంటే పెద్దమ్మాయిని కాస్త తగ్గి మాట్లాడమని, చిన్నమ్మాయిని గొంతు విప్పమని చెప్పినట్టు. సమానత్వం కోసం కాగితం మీద ఉపన్యాసం రాయలేదు, బిరడ తిప్పించాడు.

తీగ బిగించడం చెప్పినంత తేలిక కాదు. చదువుకునే రోజుల్లో ఒక కచేరీకి ముందు అరగంటలో బిగించాను. మొదటి మూవ్‌మెంట్ సగం అయ్యేసరికి ఎ తీగ మెల్లగా కిందికి జారింది. నా ఒక్కడికే తెలిసేంత, కానీ నాకు మాత్రం ప్రతి స్వరం దగ్గరా తెలిసేంత. ఆ పది నిమిషాలూ వేలితో సర్దుకుంటూ వాయించిన భయం ఇంకా గుర్తుంది. కొత్త శ్రుతికి తీగ అలవాటు పడడానికి ఒక రోజైనా పడుతుంది. చెక్కకి కూడా.

మొదటి మూవ్‌మెంట్ గురించి ఒక్క సంగతి చెప్పి దాటేస్తాను. అందులో సోలో వాళ్లిద్దరూ ఎలా ప్రవేశిస్తారో వినండి ఇంటికి వెళ్లాక. ఆర్కెస్ట్రా ఇంకా తన మాట ముగిస్తూ ఉంటుంది. దాని పైన ఒక పొడుగాటి ఈ ఫ్లాట్, వయోలిన్ పై స్థాయిలో, వయోలా ఒక స్థాయి కింద. ఎప్పుడు మొదలైందో పట్టుకోలేం. పొగమంచులో ఎదురుగా వస్తున్న మనుషులు ఉన్నట్టుండి దగ్గరలో కనిపించినట్టు. ఆ స్వరం వయోలా వాడికి కాగితం మీద డి.

ఇప్పుడు రెండో మూవ్‌మెంట్.

ఆందాంతె. ఇటాలియన్‌లో నడవడం అనే అర్థం నుంచి వచ్చిన మాట. మనకి దీనికన్నా మంచి మాట ఉంది, నడక. మృదంగం వాళ్లు చతురశ్ర నడక, తిశ్ర నడక అంటారు చూడండి. నడక అంటే వేగం ఎంతో చెప్పే అంకె కాదు. అడుగు ఎలా పడుతోంది, కాలు ఎక్కడ ఆనుతోంది, ఒళ్లు ఎటు ఒరుగుతోంది, ఇవన్నీ కలిసినది. అందుకే ఆందాంతెని 'మందగతి' అని రాసేవాళ్లని చూస్తే నాకు బాధేస్తుంది. నడుస్తున్నవాడు ఆగిపోయినవాడు కాదు.

మొజార్ట్ ఈ పేజీ మీద అంకె ఏదీ రాయలేదు. వేగం కొలిచే యంత్రం అప్పటికి వాడుకలో లేదు. ఆ యంత్రం, మెట్రోనోమ్‌కి మేల్‌సెల్ పేటెంట్ తీసుకున్నది 1815లో, మొజార్ట్ పోయింది 1791లో. అప్పటివాళ్లకి కొలత వేరే ఉంది. ఇందాకటి క్వాంట్జ్ గారు నాడి పట్టుకుని చూసుకోమన్నాడు. ఆరోగ్యంగా ఉన్న మనిషికి నిమిషానికి సుమారు 80 దెబ్బలు అని లెక్క పెట్టుకున్నాడు. ఇక మొజార్ట్ తండ్రి లియోపోల్డ్, కొడుకు పుట్టిన 1756లోనే వయోలిన్ బోధన మీద పుస్తకం వేసినవాడు, ఇంకో దారి చెప్పాడు. పైన రాసిన మాట ఒక్కటే చాలదు, రచన లోపలే కనీసం ఒక్క పంక్తి ఉంటుంది, ఆ పంక్తే వేగం ఎంతో పట్టిస్తుంది, అది పట్టుకోవడంలోనే విద్వాంసుడి తెలివి బయటపడుతుంది అని ఆయన అభిప్రాయం. నాకు ఈ మాట మన గురువులు చెప్పే కాలప్రమాణం లాగే వినిపిస్తుంది. కృతి తన కాలప్రమాణాన్ని తనే చెబుతుంది, మనం వినాలి అంతే.

మరి ఈ మూవ్‌మెంట్‌లో ఆ పంక్తి ఏది? నా వరకు వయోలా మొదటి జవాబులో ఉంది. సంగతి ఇది. ముందు ఆర్కెస్ట్రా తీగ వాద్యాలు సి మైనర్‌లో శోకాన్ని పరుస్తాయి. తర్వాత వయోలిన్ ఒంటరిగా పాడుతుంది. అది ముగించగానే వయోలా అందుకుంటుంది. అదే మాట, కానీ చిన్నచిన్న స్వరాలతో అల్లుకుని. ఆ అల్లికే కొలత. మరీ నెమ్మదిగా వాయిస్తే ఆ చిన్న స్వరాలు ఒక్కొక్కటీ బరువెక్కి, వాక్యం ముక్కలైపోతుంది. వడిగా వాయిస్తే అలంకారంలా తేలిపోతుంది, ఏడుపు పోతుంది. పాడగలిగినట్టు ఉండాలి. ఒకే ఊపిరిలో.

(రెండు వేగాల్లో ఆ పంక్తిని వాయించారు.)

మొదటిది నేను పాతికేళ్ల వయసులో వాయించిన పద్ధతి. దుఃఖం అంటే నెమ్మది అనుకునేవాణ్ణి. ప్రతి స్వరాన్నీ లాగి, ప్రతి దగ్గరా ఆగి. రెండోది ఇప్పుడు వాయించేది.

నేనేం చేస్తానంటే, మన రూపకం వేసినట్టు రెండు దెబ్బలు, ఒక విసురు వేసుకుంటాను. ఒక్కో దెబ్బలో రెండు అడుగులు. ఆ అడుగుని నా నాడితో కలుపుతాను. క్వాంట్జ్ ఈ మూవ్‌మెంట్ కోసం చెప్పిన కొలత కాదిది, నేను అరువు తెచ్చుకున్నాను. ఆ లెక్కన మొత్తం పది నిమిషాల దగ్గర ముగుస్తుంది. రికార్డింగులు వినండి, కొందరు అంతకన్నా చురుగ్గా ముగిస్తారు, కొందరు పన్నెండు నిమిషాల దాకా వెళ్తారు. నెమ్మదిగా వాయించే మహానుభావుల్లో నాకు ప్రాణమైనవాళ్లున్నారు. ఐనా నా మాట మారదు. ఇది కూలబడి ఏడ్చే సంగీతం కాదు. ఏడుస్తూ నడిచే సంగీతం. శవయాత్ర వెనక ఇంటికి తిరిగి వచ్చేటప్పుడు ఎవరూ మాట్లాడుకోరు, కానీ నడుస్తారు. ఆ నడక.

కీ దగ్గరికి వద్దాం. సి మైనర్. సిని షడ్జం చేసుకుంటే మన నఠభైరవికీ కీరవాణికీ మధ్య తిరుగుతూ ఉంటుంది. నిషాదం కిందికి దిగేటప్పుడు ఒకలా, షడ్జానికి ఎక్కేటప్పుడు ఒకలా. ఇలా పోల్చడం దారి చూపించడానికే, వాళ్లకి గమకం లేదు, మనకి వాళ్ల హార్మొనీ, అంటే ఒకేసారి పలికే స్వరాల కూర్పు, లేదు.

ఏ కీకి ఏ భావం అని వాళ్లకీ పట్టికలు ఉన్నాయి, మనకి ముఖారి అంటే శోకం అన్నట్టు. షూబార్ట్ అనే కవి, సంగీతజ్ఞుడు జైల్లో ఉండగా అలాంటి పట్టిక తయారుచేశాడు, ఆయన పోయాక 1806లో అచ్చయింది. అందులో డి మేజర్ విజయానికి, జయజయధ్వానానికి. ఈ ఫ్లాట్ మేజర్ ప్రేమకి, భక్తికి, దేవుడితో ఆంతరంగికంగా మాట్లాడుకోవడానికి. సి మైనర్ ప్రేమని చెప్పుకుంటూనే అది ఫలించలేదని వాపోవడానికి. చదవడానికి బావుంటుంది. ఈ మూవ్‌మెంట్‌కి సరిపోయినట్టే ఉంటుంది కూడా. కానీ స్వరస్థానాల పట్టీ చూసి ముఖారి పాడలేం కదా. రాగం ప్రాణం సంచారంలో ఉంది, గమకంలో ఉంది. అలాగే కీ ప్రాణం పేరులో లేదు, తీగలో ఉంది. ఇది చూపించడానికే ఇవాళ వయోలా తీసుకొచ్చాను.

జాగ్రత్తగా వినండి. అర శ్రుతి పెంచిన వయోలా మీద ఖాళీ తీగలు ఏమిటి? డి ఫ్లాట్, ఎ ఫ్లాట్, ఈ ఫ్లాట్, బి ఫ్లాట్. సి మైనర్‌లో షడ్జం సి, పంచమం జి. రెండింటికీ ఖాళీ తీగ లేదు. రెండూ వేలి కింద మూతపడి ఉన్నాయి. వయోలా వాడి కాగితం మీద ఇది బి మైనర్ అవుతుంది. ఎక్కడా ఆనుకోవడానికి గోడ దొరకని కీ. అడుగు అడుగుకీ వేలే మోయాలి.

(సి మైనర్‌లో షడ్జం, పంచమం వాయించారు.)

గుడ్డలో చుట్టినట్టు లేదూ? తలుపు వేసిన గదిలోంచి వినిపించినట్టు. ఇప్పుడు అదే సి మైనర్‌లో గాంధారం.

(ఈ ఫ్లాట్ వాయించారు.)

ఇది తెరుచుకుంది. ఎందుకంటే సి మైనర్‌లో గాంధారం ఈ ఫ్లాట్. అది ఖాళీ తీగ. ధైవతం ఎ ఫ్లాట్, అదీ ఖాళీ తీగే. నిషాదం బి ఫ్లాట్, అదీనూ. షడ్జ పంచమాలు మూసుకుపోయి, మైనర్‌ని మైనర్ చేసే ఆ మూడు స్వరాలే తెరుచుకున్న వాద్యం ఇది. కన్ను పొడిగా ఉండి కనురెప్పలు తడిసినట్టు.

ఇప్పుడు వయోలా జవాబు ఎటు వెళ్తుందో చూడండి. వయోలిన్ చెప్పిన మాటనే అందుకుని, మెల్లగా దారి మార్చి ఈ ఫ్లాట్ మేజర్‌లోకి తీసుకెళ్తుంది. మన వాళ్లకి ఇది గ్రహభేదం. నఠభైరవిలో గాంధారాన్ని షడ్జం చేసుకుంటే శంకరాభరణం వస్తుంది, నిమిషంలో ఎవరైనా పాడి చూడొచ్చు. స్వరాలు అవే, నిలబడే చోటు మారింది. పాఠ్యపుస్తకాల్లో ఇది మామూలు విషయం, మైనర్‌లో మొదలైన ప్రతి రచనా ఇంచుమించు ఈ దారే పడుతుంది. కానీ ఇక్కడ దారి చూపించేది వయోలా. ఆ వయోలా తీగలు బిగించి ఉన్నాయి. అది ఈ ఫ్లాట్‌కి చేరగానే షడ్జం, పంచమం, మధ్యమం మూడూ ఒకేసారి తెరుచుకుంటాయి. చెక్క మొత్తం పలుకుతుంది. వినేవాళ్లకి ఓదార్పు అనిపించేది అదే. రచయిత ఓదార్పు అని రాయలేదు. వాద్యం ఊపిరి తీసుకుంది.

(ఆ మలుపు వాయించారు. కాసేపు మౌనం.)

నేను ఇది మొదటిసారి చేత్తో తెలుసుకున్న రోజు ఇంకేమీ వాయించలేకపోయాను. అప్పటికి ఈ మూవ్‌మెంట్‌ని ఎన్నో ఏళ్లుగా మామూలు శ్రుతిలో వాయిస్తున్నాను.

ఆ తర్వాత వాళ్లిద్దరి సంభాషణ దగ్గరవుతుంది. మొదట ఒకరి వాక్యం ముగిశాక ఇంకొకరు. పోనుపోను వాక్యం పూర్తి కాకుండానే రెండోవాళ్లు అందుకుంటారు. బాధలో ఉన్న ఇద్దరు చిన్నప్పటి స్నేహితులు మాట్లాడుకుంటే ఇలాగే ఉంటుంది, ఎవరు మొదలుపెట్టారో ఎవరు ముగించారో తెలియదు. మొదటి సంగతి మళ్లీ తిరిగి వచ్చినప్పుడు మాత్రం వెనకటి వెలుగు రాదు. ఇందాక ఈ ఫ్లాట్‌లో విన్న మాటల్ని ఈసారి సి మైనర్‌లోనే వింటాం. చివర్లో ఇద్దరూ కలిసి వాయించే కడెన్జా ఉంది, అంటే ఆర్కెస్ట్రా ఆగి సోలో వాళ్లే వాయించే చోటు. ఆ రోజుల్లో కడెన్జాని వాయించేవాళ్ల మనోధర్మానికి వదిలేసేవారు. ఇక్కడ ఇద్దరున్నారు కాబట్టి మొజార్ట్ తనే రాసి పెట్టాడు. అందులో ఆర్భాటం లేదు. ఒకరి భుజం మీద ఒకరు తల వాల్చినట్టు ఉంటుంది.

మూడ్ గురించి ఎప్పుడూ ఒక కథ చెబుతారు. దాన్ని తప్పించుకోలేను. పారిస్‌కి మొజార్ట్ వెంట వెళ్లింది తల్లి అన్నా మరియా. 1778 జూలై 3న అక్కడే, పరాయి ఊళ్లో, చనిపోయింది. ఇంటివాళ్లలో పక్కన ఉన్నది కొడుకు ఒక్కడే. ఆ రాత్రి తండ్రికి నిజం రాయలేకపోయాడు. అమ్మకి చాలా జబ్బుగా ఉందని మాత్రం రాశాడు. అదే రాత్రి సాల్జ్‌బర్గ్‌లోని కుటుంబ స్నేహితుడు బులింగర్ అనే ఫాదర్‌కి అసలు సంగతి రాసి, నాన్నని మెల్లగా సిద్ధం చేయమని బతిమాలుకున్నాడు. ఆరు రోజుల తర్వాత తండ్రికి తనే చెప్పాడు. 1779 జనవరిలో తల్లి లేకుండా ఇల్లు చేరాడు. ఈ కృతి ఆ ఏడాదిదే. కాబట్టి ఈ ఆందాంతె తల్లి కోసం ఏడ్చిన ఏడుపు అంటారు.

కావచ్చు. నేను కాదనను, వాయించేటప్పుడు నాకు కూడా ఆ రాత్రి గుర్తొస్తుంది. కానీ ఇంకో సంగతి కూడా పక్కన పెట్టి చూడాలి. 1777 జనవరిలో, తల్లి ఆరోగ్యంగా ఇంట్లో ఉండగానే, అతను ఒక పియానో కాన్సెర్టో రాశాడు, సంఖ్య 271. అదీ ఈ ఫ్లాట్ మేజరే. దాని రెండో మూవ్‌మెంట్ కూడా సి మైనరే, అదీ గుండె పిండేసేదే. 1785లో ఇంకోటి, 482. మళ్లీ అదే ఏర్పాటు. దాన్ని వియన్నాలో వాయిస్తే శ్రోతలు నెమ్మది మూవ్‌మెంట్‌నే మళ్లీ వాయించమని అడిగారు. ఈ ఫ్లాట్ ఇంట్లో సి మైనర్ గది ఒకటి ఉంటుందని అతనికి ముందే తెలుసు. దుఃఖం వచ్చిన తర్వాత ఆ గదిలోకి వెళ్లి కూర్చున్నాడు అనుకోవడం నాకు నచ్చుతుంది. గది కట్టింది మాత్రం పనితనమే.

అందుకే ఈ ఫ్లాట్ లేకుండా ఈ సి మైనర్‌ని వినలేను. మొదటి మూవ్‌మెంట్ విని, పది సెకన్ల నిశ్శబ్దం తర్వాత ఇది వినాలి. ఒంటరిగా ఈ ఒక్క మూవ్‌మెంట్‌నే ఫోన్‌లో పెట్టుకుని వింటే సగమే వింటున్నట్టు.

ఇప్పటి సోలో కళాకారులు చాలామంది శ్రుతి పెంచరు. మామూలు తీగలతోనే, ఈ ఫ్లాట్‌లోనే చదువుకుని వాయిస్తారు. వాళ్ల కారణాలు బలమైనవే. ఇప్పటి తీగలకి బిగువు ముందే ఎక్కువ. ఆనాటివి గొర్రె పేగుతో చేసినవి. రెండు వందల ఏళ్ల నాటి వాద్యాన్ని అంతకన్నా బిగించడానికి మనసొప్పదు. చెవికి వినిపించేది ఒకటి, కాగితం మీద కనిపించేది ఇంకొకటి అయితే కొందరికి తల తిరుగుతుంది. మన పద్ధతిలో పెరిగినవాళ్లకి ఆ ఇబ్బంది లేదు, అది వేరే సంగతి.

మామూలు శ్రుతిలో వాయిస్తే ఏమవుతుందో గమనించండి. కింది తీగలు సి, జి. సి మైనర్‌కి అవే షడ్జ పంచమాలు. అంటే అంతా తిరగబడుతుంది. శోకం దగ్గర చెక్క పలుకుతుంది, ఓదార్పు దగ్గర మూతపడుతుంది. ఈ ఫ్లాట్‌కి వెళ్లినప్పుడు వెలుగు రావాల్సిన చోట వేలి కింద స్వరం వస్తుంది. చెడ్డగా ఉంటుందని కాదు. గొప్ప వయోలా విద్వాంసులు అలా వాయించి నన్ను ఏడిపించారు. అక్కడ దుఃఖం లోతుగా, బావిలోంచి వచ్చినట్టు ఉంటుంది. కానీ అది వేరే మూడ్. అవే స్వరాలు, అదే నడక, అదే కీ. బిరడ అర శ్రుతి తిరిగేసరికి ఎవరు ఎవరిని ఓదారుస్తున్నారన్నది మారిపోయింది. బిగించిన తీగలతో వాయిస్తే వయోలిన్ ఏడుస్తుంది, వయోలా చెయ్యి పట్టుకుంటుంది. మామూలు శ్రుతిలో వాయిస్తే ఇద్దరూ ఏడుస్తారు.

నేను మొదటిదాని పక్షం. మొజార్ట్ రాసిందీ అదే కాబట్టి మాత్రమే కాదు. వియన్నాలో స్నేహితుల మధ్య క్వార్టెట్ వాయించేటప్పుడు అతను పట్టుకున్నది వయోలానే. అందరూ స్వరకర్తలే, హైడన్, డిటర్స్‌డార్ఫ్ వయోలిన్లు, వాన్హల్ చెల్లో, ఇతను వయోలా, అలా కూర్చుని వాయించిన సాయంత్రం గురించి విన్నవాళ్లు రాసిపెట్టారు. పక్కవాళ్ల మాట వింటూ మధ్యలో కూర్చునే చోటు అది. ఆ చోటు నుంచి వినేవాడికే ఇలాంటి జవాబు తడుతుంది.

ఇక మాటలు చాలు. నిన్న పొద్దున్నే తీగలు బిగించి ఉంచాను, ఇందాక మీకు చూపించడానికి దించిన ఆ ఒక్క తీగ తప్ప. అది కూడా ఈపాటికి కుదురుకుని ఉంటుంది. వయోలిన్ వాయించే మిత్రుడు అక్కడ సిద్ధంగా ఉన్నారు. ఆర్కెస్ట్రా భాగం పియానో మీద వస్తుంది. ముందు బిగించిన శ్రుతిలో మొత్తం వాయిస్తాం. తర్వాత రెండు నిమిషాలు టైమ్ ఇవ్వండి, తీగలు అర శ్రుతి దించుకుని వయోలా మొదటి జవాబు వరకు మళ్లీ వాయిస్తాను. ఈ ఫ్లాట్‌లోకి తిరిగే చోట ఒకసారి కళ్లు మూసుకోండి.

(వయోలా భుజానికెత్తుకున్నారు.)